కారు షెడ్డుకి నేను వేసిన కుళాయి

కొందరు ఊరికి మేలు చేసి పేరు తెచ్చుకుంటారు. కొందరు కీడు చేసి తెచ్చుకుంటారు. నేను పైపు వేసి తెచ్చుకున్నాను. భూమికి అడుగున్నర లోతున మొదలైన ఆ ఉపద్రవం చివరికి పక్కింటి మేడ మీద బయటపడింది. ఈ లోపల ఒక కాపురం రోడ్డున పడబోయింది, ఒక పెళ్లి సంబంధం ఊగిసలాడింది, ఒక తెల్లటి గ్లాస్కో పంచె ఎందుకూ పనికిరాకుండా పోయింది. ప్రాణనష్టం ఏమీ లేదు. పరువు నష్టం మాత్రం మొత్తం ఒక్కడికే జరిగింది. ఆ ఒక్కడు ఎవరో మీరు ఊహించే ఉంటారు.

అప్పట్లో సెల్‌ఫోనుకి వచ్చే కాల్స్ ఉచితమని జనం కొత్తగా మురిసిపోతున్న రోజులు. నేను అనకాపల్లి నుంచి పరవాడ వైపు ఒక మందుల కంపెనీకి రోజూ కంపెనీ బస్సులో వెళ్లి వచ్చేవాణ్ణి. యుటిలిటీస్ డిపార్ట్‌మెంట్‌లో సూపర్‌వైజర్ని. అంటే కంపెనీలో నీళ్లూ, ఆవిరీ, గాలీ సరిగ్గా వెళ్తున్నాయో లేదో చూసే పని. నేను చూసేవాణ్ణి, అవి వెళ్లేవి. నేను సెలవు పెట్టిన రోజు కూడా వెళ్లేవి. ఆ సంగతి మీద ఎప్పుడూ దృష్టి పెట్టకపోవడం వల్ల పైపుల గురించి నాకు తెలియనిది లేదనే నమ్మకం బాగా ముదిరింది. చుట్టాలింట్లో కుళాయి కారితే చాలు, కుర్చీ ముందుకు లాక్కుని "దీన్ని మేము టెక్నికల్‌గా ఏమంటామంటే" అని మొదలుపెట్టేవాణ్ణి. ఆ కుళాయి నేను ముగించేలోపు తనంతట తానే ఆగిపోయిన సందర్భాలున్నాయి. విసుగొచ్చి కాబోలు.

ఆ రోజుల్లోనే ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. తెల్ల కారు. ఇల్లు కట్టేనాటికి నాకు ఉన్నది సైకిలే కాబట్టి, ఇంటికి కారు పట్టే గేటు లేదు. అందుకని పెరటి చివర, వెనక సందులోకి తలుపు పెట్టి, ఇంటికి దూరంగా ఒక రేకుల షెడ్డు వేయించాను. షెడ్డు బాగుంది. కారు బాగుంది. నీళ్లే లేవు. ప్రతి ఉదయం బాత్రూమ్‌లో బకెట్ నింపి, హాలు మీదుగా, వంటింటి మీదుగా మోసుకెళ్లేవాణ్ణి. అందులో సగం కారుకి చేరేవి, సగం అప్పుడే తుడిచిన గచ్చుకి చేరేవి.

మా ఆవిడ సుగుణ మిషన్ స్కూల్లో టీచరు. పిల్లల్ని కొట్టకుండా కంటిచూపుతో కూర్చోబెడుతుందని ఆమెకు పేరు. ఒకరోజు నన్ను అలాగే కూర్చోబెట్టింది.

"ఒక రబ్బరు గొట్టం కొనుక్కోండి. వంటింటి కుళాయికి తగిలిస్తే షెడ్డు దాకా వత్తాది కదా."

"గొట్టమా? కాళ్లకి అడ్డం పడదూ? ఎండకి పగిలిపోదూ? చూడ్డానికి పాము పడుకున్నట్టు ఉండదూ? దీనికి అండర్‌గ్రౌండ్ లైన్ వెయ్యాలి సుగుణా."

"అయితే ప్లంబర్ని పిలవండి."

"ప్లంబర్నా? నేనుండగా?"

ఆమె నా వంక జాలిగా చూసింది. నేను దాన్ని గౌరవం అనుకున్నాను.

ఆ సాయంత్రమే చార్ట్ కాగితం మీద డ్రాయింగ్ గీశాను. నీళ్ల పైపు ఆకుపచ్చ, మట్టి గోధుమరంగు, కారు తెలుపు కాబట్టి అలా వదిలేశాను. ఉత్తరం ఎటో చూపిస్తూ ఒక బాణం కూడా వేశాను. ఉత్తరం ఎటైతే నీళ్లకేం పట్టిందని మీరు అడగొచ్చు. కంపెనీలో అలా వేస్తారు. అడుగున "తయారుచేసినవారు", "తనిఖీ చేసినవారు", "ఆమోదించినవారు" అని రాసి మూడు చోట్లా నేనే సంతకం పెట్టాను. తనిఖీ చేసినవాడికి తయారుచేసినవాడి మీద గొప్ప గురి ఉండడం వల్ల పని ఎక్కడా ఆగలేదు.

ఇక్కడ మా పక్కింటి సత్యం మామ గురించి చెప్పాలి. ఆయన బెల్లం వ్యాపారి. మాకు చుట్టరికం లేదు, మతం వేరు, అయినా వచ్చిన కొత్తల్లోనే నన్ను అల్లుడూ అన్నాడు, నేను మామా అన్నాను, అది అలా స్థిరపడిపోయింది. అసలు మా స్థలం కూడా ఒకప్పుడు ఆయనదే. పెద్ద ఆవరణని రెండు చేసి, మధ్యలో గోడ కట్టి, ఇటువైపు సగం మాకు అమ్మాడు. ఈ సంగతి మీరు కాస్త గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

పనికి సాయంగా సుగుణ వాళ్ల అన్నయ్య ఇమ్మానియేలు బావ బుచ్చయ్యపేట నుంచి వచ్చాడు. చెరకు రైతు. మనిషి మంచివాడు, భుజాలు గట్టివి, సందేహం అన్నది ఆయన ఒంట్లో పుట్టలేదు. నా డ్రాయింగును ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా పట్టుకుని చూశాడు.

"దీనికి ఈ బొమ్మేటి బావా? మా చెరుకు తోటకి ఊరి సివర్నించి పైపు ఏసుకొచ్చేను. ఇదెంత, జానెడు."

"పొలం వేరు, ఇల్లు వేరు బావా. దీనికి స్లోప్ ఉంటుంది, ప్రెషర్ ఉంటుంది."

"ఉండనీ. అయ్యీ ఉంటాయి, మనవూ ఉంటాం."

శనివారం ఉదయం షెడ్డు దగ్గర తవ్వకం మొదలైంది. ఆయన గునపం పట్టుకున్నాడు. నేను హెల్మెట్ పెట్టుకున్నాను. ఖాళీ పెరట్లో, పైన ఆకాశం తప్ప మరేమీ లేని చోట నెత్తిన ఏం పడుతుందని సుగుణ అడిగింది. సేఫ్టీ అన్నాను. ఆయన తవ్వుతుంటే నేను నడుం మీద చేతులు పెట్టుకుని "లోతు చాలదు", "కొంచెం ఎడమకి" అంటూ దిశానిర్దేశం చేశాను. షెడ్డు నుంచి ఇంటి ముందున్న మా ట్యాంకు పైపు దాకా తవ్వాలని ప్లాను. పెరట్లో సగం కూడా రాకముందే గునపం దేనికో తగిలి టక్కుమంది.

"బావా! ఇక్కడ పైపుందిరోయ్!"

వంగి చూశాను. బూడిదరంగు ప్లాస్టిక్ పైపు, మట్టిలో హాయిగా పడుకుని ఉంది. డ్రాయింగు తీసి చూశాను. అందులో లేదు. ఈ విషయంలో తప్పు పైపుదేనని నాకు తోచింది.

"మనదేనంటావా?" అన్నాను.

"మన పెరట్లో ఉన్నాది, మనది కాకపోతే ఎవుడిది? ఇల్లు కట్టిన మేస్త్రి ముందుసూపుతో ఏసుంటాడు. ఇక్కడే అతికించేద్దాం బావా. ఇంటి ముందరదాకా గచ్చు పగలగొట్టే పనేటి?"

ఎండ అప్పటికే నడినెత్తికి వచ్చింది. ఆయన మాటలో నాకు అపారమైన జ్ఞానం కనిపించింది. అయినా చదువుకున్నవాణ్ణి కదా, గుడ్డిగా నమ్మలేదు. "శాస్త్రీయంగా తేల్చుకుందాం" అని హాక్సా బ్లేడుతో పైపుని కోశాను. నీళ్లు చివ్వున ఎగిరి నా హెల్మెట్‌ని తడిపాయి. హెల్మెట్ ఎందుకన్నదానికి సుగుణకి సమాధానం దొరికింది.

"బావా, మేడ మీదికెళ్లి మన ట్యాంకు వాల్వు కట్టెయ్. నీళ్లు ఆగితే ఇది మన పైపే. ఆగకపోతే కాదు."

ఆయన మేడెక్కి అరిచాడు. "కట్టీసేను! ఆగిందా?"

"ఆగలేదు!"

"పైపులో మిగిలిన నీల్లుంటాయి కదేటి! ఆగుతాది, కంగారు పడకు!"

కంగారు పడకుండా టీ తాగాం. టీతోపాటు చేగోడీలు తిన్నాం. బుచ్చయ్యపేటలో ఎవరెవరికి ఎక్కడెక్కడ సంబంధాలు కుదిరాయో మాట్లాడుకున్నాం. లేచి చూసేసరికి ధార సన్నబడి, చుక్కలుగా మారి, ఆగిపోయింది. నేను తొడ చరిచాను.

"చూశావా! రుజువైపోయింది. మన పైపే!"

సరిగ్గా అప్పుడే గోడ అవతల నుంచి సత్యం మామ గొంతు వినిపించింది. "ఒరే, ట్యాంకులో సుక్క నీల్లు నేవురా! కరెంటు కూడా పోనాది, మోటారు ఎలాగేత్తాం? కరెంటొచ్చీదాకా ఎవులూ తానాలకి పోకండి!"

నేను ఇమ్మానియేలు బావ వంక తిరిగి తల పంకించాను. "చూడు బావా. ప్లానింగ్ లేని ఇళ్లు ఇలా ఉంటాయి."

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒంటరిగా ఉన్నా సరే మొహం ఎటు తిప్పుకోవాలో తెలియదు.

కరెంటు వచ్చేలోగా పని పూర్తి చేశాం. తడి పైపుకి గమ్ము సరిగ్గా అంటుకోలేదు. బావ పాత సైకిల్ ట్యూబు కోసి దాని చుట్టూ కట్టు కట్టి, "దీనికి ఇంక నూరేల్లు" అని ఆశీర్వదించాడు. మట్టి కప్పేశాం. కరెంటొచ్చి పక్కింటి మోటారు కాసేపు తిరిగాక బావ మళ్లీ మేడెక్కి వాల్వు తిప్పాడు. షెడ్డు గోడకి బిగించిన కొత్త ఇత్తడి కుళాయిని తన చేత్తో తిప్పమని సుగుణని పిలిచాను. ఆమె తిప్పబోతుంటే బావ ఆపి, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేశాడు. "ప్రభువా, ఈ నీల్లు ఎప్పుడూ ఎండిపోకండా సూడు తండ్రీ." ఆమెన్ అన్నాం. నీళ్లు దబదబా వచ్చాయి. దేవుడు ఆ ప్రార్థనని మా పక్కింటి ఖాతాలోంచి తీర్చాడని అప్పుడు తెలియలేదు.

ఆ తర్వాత నేను పడ్డ గర్వం గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. అయినా చెప్తాను. కారుని రోజూ కడిగేవాణ్ణి. మురికి లేకపోయినా కడిగేవాణ్ణి. షెడ్డు పక్కన అరటి పిలకలు ఏనుగు పిల్లల్లా బలిశాయి, నా చేతి చలవ అన్నాను. అన్నిటికన్నా పెద్ద వింత ఏమిటంటే, కొత్త కుళాయి పెట్టినా మా మోటారు మునుపటికన్నా ఒక్క నిమిషం ఎక్కువ తిరగలేదు.

"గమనించావా సుగుణా? నీళ్ల వాడకం పెరగలేదు."

"అదెలాగ? కారు రోజూ కడుగుతన్నారు కదా?"

"డిజైన్!" అన్నాను.

కంపెనీ బస్సులో కూడా ఈ డిజైన్ గురించి చెప్పాను. అందరికన్నా శ్రద్ధగా విన్నది రమణ. మా కంపెనీలోనే ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే కుర్రాడు. సత్యం మామ మేడ మీద వాటాలో భార్య లక్ష్మితో, చంటిపాపతో అద్దెకుండేవాడు. నాకన్నా ముందే బస్సెక్కి, నా కోసం కిటికీ పక్క సీటు ఆపి ఉంచేవాడు. పాపం, నేను ఏ నీళ్ల గురించి కోతలు కోస్తున్నానో ఇద్దరికీ తెలియదు.

కొన్నాళ్లకి సత్యం మామ మా గుమ్మంలోకి వచ్చాడు. ఎప్పుడూ బెల్లం దిమ్మలా నిండుగా ఉండే మనిషి కాస్త కరిగినట్టున్నాడు.

"అల్లుడూ, నువ్వు పైపుల కంపెనీలో పని సేత్తన్నావు కదా..."

"మందుల కంపెనీ మామా."

"పైపుల్నేకండా మందులొత్తాయేటి? సూడు, మా ట్యాంకు పొద్దున్న నింపితే మద్దేనానికి ఖాళీ. మద్దేనం నింపితే రేతిరికి ఖాళీ. నీల్లు ఎక్కడికి పోతన్నాయో ఆ దేవుడికే తెలియాల. నువ్వొకసారి సూడు."

నన్నే పిలిచాడు! పిల్లి దగ్గరికొచ్చి పాలెవరు తాగారో కనిపెట్టమని బతిమాలినట్టు. టార్చి లైటూ, స్క్రూడ్రైవరూ పట్టుకుని వెళ్లాను. స్క్రూడ్రైవరు కొన పైపుకి, పిడి చెవికి ఆనించి డాక్టర్లా కళ్లు మూసుకున్నాను. ట్యాంకు లోపల సిమెంటు పూత వేయించమన్నాను. వేయించాడు. మోటారు ఫుట్‌వాల్వు మార్పించమన్నాను. మార్పించాడు. ఇంట్లో కుళాయిలన్నీ కొత్తవి పెట్టించమన్నాను. పెట్టించాడు. ట్యాంకు మాత్రం ఎప్పటిలాగే ఖాళీ అయ్యేది. మా అరటి చెట్టు గెల వేసింది.

సలహాలు అయిపోయాయి. సలహాలు అయిపోయినవాడు చేసే పనే నేనూ చేశాను. మనుషుల మీదికి వెళ్లాను.

"మామా, లీకేజీ ఎక్కడా లేదు. అంటే వాడకం ఎక్కువన్న మాట. మీ ఇంట్లో కొత్తగా నీళ్లు ఎక్కువ కావాల్సింది ఎవరికి?"

మామ పైకి చూశాడు. పైన తీగ మీద చంటిపాప బట్టలు వరసగా ఆరుతున్నాయి.

నేను ఇంకేమీ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. ఆ సాయంత్రమే మామ మేడెక్కి రమణతో మాటా మాటా అనుకుని, నెల తిరిగేలోగా వాటా ఖాళీ చెయ్యమన్నాడు.

మర్నాడు లక్ష్మి పాపని చంకనేసుకుని సుగుణ దగ్గరికి వచ్చింది. నేను పక్కగదిలో పేపరు చదువుతున్నాను. అంటే, పేపరు పట్టుకుని వింటున్నాను.

"మేమెక్కువ వాడతన్నామంట వొదినా. పాప గుడ్డలు కూడా అమ్మోళ్లింటికి ఒట్టుకెల్లి ఉతుకుతన్నాను. ఇద్దరం ఒక్కో బకెట్టుతోటే గడుపుతన్నాం. అయినా మా మీదే పడ్డారు. చంటిపిల్లతోటి ఇప్పుడు ఇల్లెక్కడ దొరుకుద్ది? ఎవరో పెద్ద ఇంజినీరు సెప్పేడంట, మావల్లేనని."

సుగుణ ఆమెను పంపించి నా గదిలోకి వచ్చింది. పేపరు తీసి పక్కన పెట్టింది.

"మీకు తెలుసా, వాళ్లే వాడతన్నారని?"

"లెక్క ప్రకారం చూస్తే..."

"లెక్క సంగతి అడగలేదు. తెలుసా అని అడిగేను."

నేను పేపరు మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. ఆ తర్వాత బస్సులో నా సీటు ఎవరూ ఆపలేదు. రమణ వెనక్కి వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టాడు. కంపెనీ గేటు దగ్గర దిగేటప్పుడు ఒకరోజు నా దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు. కోపంగా ఉన్నా బాగుండేది.

"సార్, ఒక్కసారి పూర్తిగా టెస్ట్ చెయ్యండి. మావల్లే అని తేలితే నేను మాటాడకండా పోతాను. తేలకుండా పంపించకండి."

సరే, ఈసారి ఎవరూ కాదనలేని పరీక్ష చేద్దామనుకున్నాను. కంపెనీల్లో లీకు ఎక్కడో తెలియకపోతే నీళ్లలో రంగు కలుపుతారు. రంగు ఎక్కడ బయటపడితే లీకు అక్కడ. మనకి రంగంటే ఏముంది, బట్టలకి పెట్టే నీలిమందు.

ఆదివారం ముహూర్తం పెట్టాం. ఆ మధ్యాహ్నమే సత్యం మామ కొడుకుకి సంబంధం మాట్లాడడానికి గొలుగొండ వెళ్లాలి. కారు నాది, నడిపేది నేను. ఇమ్మానియేలు బావ కూడా వస్తానన్నాడు. ఆ ఊళ్లో ఆయనకి తెలిసినవాళ్లున్నారు. చర్చి నుంచి వచ్చీ రాగానే నేను హెల్మెట్ కోసం వెతుకుతూ, "బావా, నేను మామ మేడ మీద టెస్ట్‌లో ఉంటాను. నువ్వు కారు కాస్త కడిగి పెట్టు, పెళ్లివారింటికి వెళ్లేది" అన్నాను.

"అలాగే. సబ్బు పెట్టి తోమేత్తాను, అద్దంలా మెరిసిపోద్ది" అని ఆయన తెల్ల పంచె ఎగ్గట్టుకుని షెడ్డు వైపు వెళ్లాడు.

సత్యం మామ మేడ మీద చిన్న సభ కొలువుతీరింది. మామ, పెళ్లికొడుకు, రమణ, పాపతో లక్ష్మి, ఒక మూల చేతులు కట్టుకుని సుగుణ. నేను నీలిమందు సీసాల మూతలు తీశాను.

"అన్నెందుకురా?" అన్నాడు మామ.

"కొంచెం పోస్తే అనుమానం మిగిలిపోతుంది మామా."

అన్నీ కుమ్మరించి కర్రతో కలిపాను. ట్యాంకులోకి విశాఖపట్నం సముద్రం వచ్చి కూర్చుంది. తర్వాత చెయ్యెత్తి సభకి ఉపన్యాసం ఇచ్చాను.

"ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి ఉన్నాయి. కాబట్టి ఇప్పుడు ఒక్క చుక్క కూడా బయటికి పోకూడదు. పోయిందంటే, నీలం ఎక్కడ కనబడితే అక్కడ దొంగ ఉన్నట్టు. ఆ దొంగ గోడ కావచ్చు, గొట్టం కావచ్చు, మనిషి కావచ్చు. ఎవరైనా సరే, మొహమాటం లేదు!"

"మొహమాటం" అన్నప్పుడు రమణ వైపు చూశాను కూడా. దేవుడా.

అందరూ గోడలు వెతకడం మొదలుపెట్టారు. పెళ్లికొడుకు వంగి వంగి తూముల్లోకి చూశాడు. ఎక్కడా నీలం లేదు. ఇంతలో ట్యాంకు దగ్గరే నిలబడ్డ మామ కేక వేశాడు.

"అల్లుడూ, తగ్గిపోతంది! సూస్తండగానే తగ్గిపోతంది! ఎవులు తిప్పేరు కుళాయి?"

"అందరం ఇక్కడే ఉన్నాం కదండి" అన్నాడు రమణ. నెమ్మదిగానే అన్నాడు. కాని ఆ మాటతో ఒకటి తేలిపోయింది. ఇన్నాళ్లూ నీళ్లు మింగింది వాళ్లు కాదు. మామ తల దించుకున్నాడు. నేను మాత్రం తల దించలేదు. ఇంకా దొంగ దొరకలేదు కదా.

"అయితే ఇది చాలా లోతైన కేసు మామా" అన్నాను.

అప్పుడు పిట్టగోడ దగ్గర పాపని ఆడిస్తూ మా పెరటి వైపు చూస్తున్న లక్ష్మి నన్ను పిలిచింది.

"అన్నయ్యగారూ, మీ కారు తెల్లది కదండీ?"

"అవునమ్మా."

"ఇప్పుడు కాదండి."

అందరం పిట్టగోడ దగ్గరికి పరిగెత్తాం. కింద మా షెడ్డు ముందు ఇమ్మానియేలు బావ నిలబడి ఉన్నాడు. చేతిలో కుళాయికి తగిలించిన చిన్న గొట్టం. గొట్టంలోంచి నిగనిగలాడే నీలం ధార. కారు మీద నీలం చారలు, చక్రాల కింద నీలం మడుగు, ఆయన పంచె మోకాళ్ల దాకా నీలం. తెల్లగా మిగిలినవి ఆయన కళ్లు మాత్రమే. రంగు పోవాలని ఆయన ఇంకా జోరుగా నీళ్లు కొడుతున్నాడు.

"బావా! ఈ నీల్లేటి ఇలాగొత్తన్నాయి? కడిగీకొద్దీ నీలమైపోతంది! సబ్బు ఇంకోటి పడీ!"

మేడ మీద అందరూ నా వైపు తిరిగారు. నా బుర్ర మాత్రం ఆఖరి ప్రయత్నం చేసింది.

"మామా, ఒక్కోసారి భూగర్భ జలాల్లో..."

"బూగర్బం కాదురా, నా ట్యాంకురా అది!" అన్నాడు మామ. తర్వాత ఏదో తట్టి నుదురు పట్టుకున్నాడు. "ఆగాగు. ఆ జాగా నాదిగా ఉన్నప్పుడు పెరట్లో వంగతోటకని నానే ఒక పైపు ఏసేను. నీకు అమ్మినప్పుడు సివర మూసీసి మట్టిలో ఒగ్గీసేను. దాన్ని కెలికేవా ఏటి?"

సైకిల్ ట్యూబు కట్టు దగ్గర ఇన్నాళ్లూ ఆ నీళ్లు రాత్రింబవళ్లు మట్టిలోకి కారాయని, మా అరటి గెల వేసింది వాటితోనేనని అప్పుడు వెలిగింది. సుగుణ నా వైపు చూసింది. "డిజైన్" అంది. ఆ ఒక్క మాటే.

మామ మేడ మీదే చతికిలబడి భుజాలు కదుపుతున్నాడు. ఏడుస్తున్నాడేమో అని భయపడి వంగి చూశాను. నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చి, దగ్గి దగ్గి మళ్లీ నవ్వాడు. "ఆ సిమెంటు పూత ఎయ్యమన్నాడ్రా! ఫుట్‌వాల్వు మార్చమన్నాడ్రా! దొంగని నానే పిలిసి టార్చి లైటిచ్చేన్రా!" అని పెళ్లికొడుకుకి చెప్తున్నాడు. వాడు అప్పటికే గోడ పట్టుకుని వంగిపోయాడు.

రమణ నవ్వలేదు. నేను హెల్మెట్ తీసి అతని దగ్గరికి వెళ్లాను. కంపెనీలో పది రకాల రిపోర్టులు రాసినవాణ్ణి, ఆ క్షణంలో ఒక్క వాక్యం కుదరలేదు.

"రమణా, తప్పు నాది. తెలియకుండా తెలుసన్నాను. నిన్నూ, చెల్లెమ్మనీ చాలా బాధపెట్టాను."

అతను నీలం ట్యాంకు మీద మూత పెట్టాడు. "రేపు బస్సులో మీ సీటు ఆపమంటారా సార్?" అన్నాడు. తల ఊపాను.

లక్ష్మి మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. "ఇకనించి పాప గుడ్డలు మీ షెడ్డు కాడే ఉతుక్కుంటానండి అన్నయ్యగారూ. కుళాయి మీదైనా నీల్లు మావే కదా" అంది. మామ లేచి, "ఖాళీ సేయడం గీయడం ఏటీ నేదు. నువ్వు ఇక్కడే ఉండి పాపకి పెల్లి సెయ్యి" అని రమణ భుజం తట్టాడు.

కథ ఇక్కడితో అయిపోతే నా అదృష్టం. కాని గొలుగొండ ప్రయాణం ఉంది. దుర్ముహూర్తం రాకముందే బయలుదేరాలని మామ తొందర. ఎండకి నీలం అట్టకట్టుకుపోయింది. తుడిస్తే చారలు మరింత అందంగా పరుచుకున్నాయి. బావ పంచె మార్చుకున్నాడు కాని పిక్కలు మార్చుకోలేడు కదా. నీలం చారల కారులో, నీలం పిక్కల చుట్టంతో పెళ్లి సంబంధానికి బయలుదేరాం. దారిలో ఎదురైన ప్రతి లారీవాడూ హారన్ కొట్టి మరీ పలకరించాడు.

పెళ్లికూతురి తండ్రి మర్యాదస్తుడు. గుమ్మంలోకి ఎదురొచ్చి నమస్కారం పెడుతూనే కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఇదేం రంగండి? ఎక్కడా సూళ్లేదు."

"మా అల్లుడు ఏసేడండి. పెద్ద ఇంజినీరు" అన్నాడు మామ, మొహం ఏమాత్రం మార్చకుండా.

పెళ్లికూతురి తండ్రి మొహం వెలిగిపోయింది. నాకు మజ్జిగ గ్లాసు తానే తెచ్చి అందించాడు. పెళ్లిమాటలు మొదలయ్యాయి. పిల్ల వచ్చి కూర్చుంది, పిల్లాడికి నచ్చింది, పిల్లకి కూడా నచ్చినట్టే ఉంది. అంతా సవ్యంగా సాగుతుండగా ఆయన కుర్చీ నా వైపు జరిపాడు.

"ఇంజినీరుగారూ, మా పశువుల సాల ఇంటికి దూరంగా ఉన్నాదండి. బూమిలోంచి ఒక నీల్ల పైపు ఏయిద్దామని ఎన్నాల్లనించో అనుకుంటన్నాం. తమరొకసారి సూసి సెప్తారేటి?"

నా మీద ఒట్టు, లేవాలని నేను అనుకోలేదు. కాళ్లే లేచాయి. చెయ్యి దానంతట అదే జేబులో పెన్ను తీసింది. "దీన్ని మేము టెక్నికల్‌గా..." అని నోరు కూడా తెరుచుకుంది. అంతలో ఎడమ పక్కనుంచి బావ, కుడి పక్కనుంచి మామ నా చొక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజి కుర్చీలో కూలేశారు.

"బావగారూ," అన్నాడు మామ చేతులు జోడించి, "కట్నం మాకొద్దు, లాంఛనాలు మాకొద్దు. మన రెండిళ్లకీ సంబంధం కలవాలంటే నాది ఒకటే షరతు. ఈయన ఇక్కడున్నంతసేపూ గునపం కనబడనివ్వకండి."

సంబంధం కుదిరింది.

కనుక ఇది చదువుతున్న పెద్దలందరి సమక్షంలో, సుగుణ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా చేతులు నేల మీద ఉన్నవాటిని మాత్రమే ముట్టుకుంటాయి. నేల కింద ఏముందో, ఎవరిదో, ఎటు పోతోందో నాకు అనవసరం. ఆ నేల కిందికి వెళ్లే అవసరం నాకు జీవితంలో ఇంకొక్కసారే వస్తుంది. ఆ గొయ్యి కూడా నేను తవ్వను, చర్చి సంఘంవాళ్లు తవ్విస్తారు. తవ్వే ముందు అక్కడ ఎవరి పైపూ లేదని ఒకసారి చూసుకోమని మాత్రం సుగుణకి ఇప్పుడే చెప్పి ఉంచాను.